అందరి బి షిఫ్టూ మా బావదే

మా బావ శ్రీరామ్మూర్తికి మొహమాటం అనే రోగం ఉంది. దానికి మందు లేదు. మా అక్క గౌరీశ్వరి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటే అంటోంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

స్టీల్ ప్లాంట్‌లో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఆయన పని. బి షిఫ్టంటే మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కి రాత్రి పదింటికి దిగాలి. ఊళ్ళో సరదాలన్నీ ఆ వేళకే వచ్చి చస్తాయి. కొత్త సినిమా ఫస్ట్ షో అయినా, క్రికెట్ ఫైనల్ అయినా అంతే. నాకు వరసకి బావ, ప్లాంట్‌లో అందరికీ పిలుపుకి బావ. ఆయనతో పాటు చేరిన బ్యాచ్ వాళ్ళు భుజం మీద చెయ్యేసి "బావా, ఈ ఒక్కపాలి మార్సుకుందాం" అనేవాళ్ళు. ఈయన కాదనలేక వాళ్ళ బి షిఫ్టు చేసేవాడు. మార్చుకోవడమంటే తిరిగి చెయ్యాలి కదా? చేసిన పాపాన ఎవడూ పోలేదు. సెలవు రోజున కంచరపాలెంలో మా అక్క ఇంటి అరుగు మీద చేరి, హీరోలా నడిచి చూపించి, డైలాగులు చెప్పి పడీ పడీ నవ్వేవాళ్ళు. ఈయన వాళ్ళ మొహాలు చూసి, వాళ్ళు నవ్వాక నవ్వేవాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది.

రిటైరయ్యాక బావకి దిగులు పట్టుకుంది. టీ కొట్టు దగ్గర ఆ బ్యాచ్ మాట్లాడుకునేది ఆ సినిమాలే, ఆ మ్యాచ్‌లే. ఈయన వాళ్ళ మధ్యలో కూర్చుని కూడా బయటే ఉన్నాడు.

"నా వయసోళ్ళందరికీ ఒక కాలం ఉందిరా. నాకు ఓవెన్ల పొగ ఉంది, అంతే" అన్నాడోసారి.

మొన్న వాళ్ళ కుర్రతనపు హీరో పాత సినిమా మళ్ళీ విడుదలైంది. అప్పట్లో మొదటి రోజునే బ్యాచ్ అంతా చొక్కాలు చించుకుని చూసిన సినిమా అది. ఆ రోజు బ్యాచ్‌లో దేవీప్రసాద్ అనేవాడి షిఫ్టు చేసింది మా బావే.

"ఈపాలి నానూ ఒత్తాను" అన్నాడు వాళ్ళతో.

"సేతులు కాలాక ఆకులు పట్టుకుంతన్నారు" అంది అక్క, కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తూ. ఆయన పెళ్ళికొడుకులా తయారయ్యాడు. వాళ్ళలో ఒకడిగా చెప్పుకోవడానికి ఆయనకి ఒక్క జ్ఞాపకం కావాలి. నేనూ వెంట వెళ్ళాను.

జగదాంబ సెంటర్ దగ్గర హాలు. తెర మీద హీరో నోరు తెరవకముందే జనమంతా డైలాగు అరిచేస్తున్నారు. దేవీప్రసాద్ కుర్చీ ఎక్కి కాగితం ముక్కలు విసురుతున్నాడు. మా బావకి ఒక్క మాట వినపడలేదు.

"ఏటన్నాడ్రా?" అని నన్నడిగాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. తర్వాత అడగడం మానేసి, వాళ్ళు నవ్వాక నవ్వడం మొదలుపెట్టాడు.

ఇంటర్వెల్లో దేవీప్రసాద్ ఫోన్‌లో పాత ఫొటో చూపించాడు. ఆ మొదటి రోజున ఇదే హాలు మెట్ల మీద బ్యాచ్ అంతా తీయించుకున్నది. ఎవడు ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడాలని ఒక్కొక్కణ్ణీ లాగి నిలబెట్టాడు. బావ చొక్కా సర్దుకుని చివర్న నిలబడ్డాడు. దేవీప్రసాద్ ఫొటో చూసి, ఆయన్ని చూసి, ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు.

"బావా, నువ్విందులో లేవు గదా. నువ్ తియ్యి."

వాడికి దుర్బుద్ధి లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. నేను నోరు తెరవబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక ఫొటో తీశాడు. ఎవరో కళ్ళు మూశారని ఇంకొకటి తీశాడు.

ఇంటికి వస్తుంటే బండి మీద నా వెనక నుంచి అన్నాడు.

"ఆడ్నేటీ అనకురా. నిజవే కదా. ఆ రోజు నాను ఆడి డూటీలో ఉన్నాను."