మినోరి ముల్లంగి కార్డు

త్సుబామె ఊళ్లో చెంచాలకు మెరుగు పెట్టీ పెట్టీ యాసుయో వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్లు అదే పని. మనిషి గట్టిది. ఎనిమిదేళ్ల కూతురు మినోరి జ్వరంతో పోయినప్పుడు కూడా, శవపేటికలో దాని బొమ్మలన్నీ తన చేతులతోనే సర్దింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వాళ్లతోపాటే మంటల్లోకి పంపాలి కదా.

ఒక్కటి మాత్రం కనిపించలేదు. ఆటకార్డు. నెత్తిన రెండాకులు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వే ముల్లంగి పిల్ల. మినోరి ప్రాణమంతా దానిమీదే. ఇల్లంతా గాలించారు.

"బళ్లో పారేసుకునుంటుందిలే," అన్నాడు మొగుడు కన్జీ, మొహం తిప్పుకొని.

ఇరవై నాలుగేళ్లు ఆ అబద్ధాన్ని కడుపులో దాచుకున్నాడు మహానుభావుడు! మొన్న ఆస్పత్రిలో పోయేముందు కక్కాడు.

"నేనే తీశానే. అన్నీ కాల్చేస్తే ఇంకేం మిగుల్తుందని... నా బట్టల పెట్టె అడుగునుంది. నాతో పంపు. దానిది దానికిచ్చేస్తా."

ప్లాస్టిక్ కవర్లో భద్రంగా కార్డు దొరికింది. చూడగానే యాసుయో ఒళ్లు మండిపోయింది. దొంగిలించినందుకు కాదు, ఇన్నేళ్లూ ఒక్కడే చూసుకున్నందుకు.

ఇవాళ కన్జీ పేటిక మూసే వేళ అయింది. యాసుయో కార్డు వదలదే!

"వాడి ఆఖరి కోరికమ్మా, పెట్టెయ్," అంది ఆడబిడ్డ ఫుమియె.

"ఇన్నాళ్లూ ఆయన దగ్గరే ఉంది కదా వదినా. ఇప్పుడన్నా నా దగ్గర ఉండనీ."

"అక్కడ పిల్ల ఎదురుచూస్తుంటుందే. వాణ్ణి ఉత్తచేతుల్తో పొమ్మంటావా?"

యాసుయో కార్డు పట్టుకుని పేటిక దగ్గరికి నడిచింది.

అంత్యక్రియలు చూసే కుర్రది మెల్లగా దగ్గరికొచ్చింది. "ప్లాస్టిక్ కాల్చనివ్వరమ్మా. కవరు తీసేసి పెట్టండి."

యాసుయో కవర్లోంచి కార్డు బయటికి లాగింది. ఓ మూల చిన్న పంటిగాట్లు. మినోరి ఆలోచిస్తూ కొరికేది. ఆ మూలను పెదాలకు ఆనించుకుని, మొగుడి చల్లబడ్డ చేతుల మధ్య దోపింది.

"దారిలో పారేసుకునేవు. తిన్నగా దాని చేతికే ఇవ్వు. అమ్మ వస్తుందని చెప్పు," అని, నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా బావురుమంది.

ఎముకలు ఏరుకుని ఇంటికొచ్చేదాకా ఖాళీ కవరు ఆమె గుప్పిట్లోనే ఉంది. పారెయ్యమని ఫుమియె కూడా అనలేదు.