అన్సెల్మో గార్సా తప్పు చదివిన గుర్రం

నదికి ఈ ఒడ్డున టెక్సాస్, ఆ ఒడ్డున మెక్సికో. మధ్యలో మేమిద్దరం: డిప్యూటీ షెరీఫ్ అన్సెల్మో గార్సా, అతని వెనక నేను, పోన్సియానో. ఇరవై రెండేళ్లు పక్కపక్కనే గుర్రాల మీద తిరిగాం. దొరలు మమ్మల్ని మెక్సికోవాళ్లనేవారు, మెక్సికోవాళ్లు దొరల కుక్కలనేవారు. ఇద్దరి చేతా తిట్లు తింటేనే ఉద్యోగం సరిగ్గా చేసినట్టని అన్సెల్మో నవ్వేవాడు. నాకైతే ఒళ్లు మండేది.

అతనికో గర్వం ఉండేది. ఏ పశువు తుంటి మీద కాల్చిన యజమాని ముద్రనైనా అల్లంత దూరం నుంచే చదివి, అది ఎవరిదో చెప్పేసేవాడు. ఆ గర్వమే కొంప ముంచింది.

ఒక జనవరిలో హాస్కెట్ దొర మందలో పదకొండు గుర్రాలు పోయాయి. మూడో రోజు, గుర్రాలను మచ్చిక చేసే నికనోర్ మాకు ఎదురయ్యాడు. ఎక్కింది ఎర్ర గుర్రం, తుంటి మీద హాస్కెట్ ముద్ర.

"కొన్నాను అన్నా! నవంబరులో దొర ఊళ్లో లేనప్పుడు మందను చూసే వాళ్ల మేస్త్రీ అమ్మాడు. కాగితం నదిలో తడిసి ముద్దయింది. కావాలంటే భుజం చూడు!" అని మొత్తుకున్నాడు.

మా వైపు గుర్రాన్ని అమ్మితే, అమ్మినవాడు తన ముద్రనే భుజం మీద రెండోసారి కాలుస్తాడు. అది లేకపోతే గుర్రం ఇంకా పాత యజమానిదే. అమ్మానని చెప్పాల్సిన మేస్త్రీ క్రిస్మస్‌కు ముందే పని మానేసి ఎటో పోయాడు. అన్సెల్మో జీను దిగకుండానే భుజం వైపు ఓ చూపు చూసి, "ఏమీ లేదు, పద" అన్నాడు. చెయ్యి పెట్టి తడమలేదు. నేనూ తడమలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

నికనోర్‌ను జైల్లో పెట్టాం. జడ్జి సోమవారం వస్తాడు. కానీ ఆదివారం ప్రార్థన కాగానే హాస్కెట్ ముప్పైమందిని వెంటేసుకుని జైలు మీదికి బయల్దేరాడని కబురొచ్చింది. ఒకడి చేతిలో తాడు కూడా ఉందట.

అప్పుడు సన్నగా వాన పడుతోంది. ఎర్ర గుర్రానికి మేత వేయడానికి వెళ్లిన అన్సెల్మో పరుగున వచ్చాడు.

"బావా, గడ్డం కత్తి పట్రా!"

"ఉరితాడు వస్తుంటే నీకు గడ్డం గుర్తొచ్చిందా?"

"నాక్కాదయ్యా, గుర్రానికి! భుజం మీద తడిసిన వెంట్రుకలు ఒకచోట అడ్డంగా పడుకున్నాయి. చలికి ఒత్తుగా పెరిగిన జుట్టు కింద ఏదో ఉంది."

గుర్రాన్ని జైలు ముందుకు తెచ్చేసరికి జనం వచ్చేశారు.

"తప్పుకో అన్సెల్మో. మాకు దొంగ కావాలి" అన్నాడు హాస్కెట్.

"దొంగో కాదో ముందు ఈ గుర్రం భుజం గొరిగి చూద్దాం దొరా. వీణ్ణి పట్టింది నేనే. సరిగ్గా చూడకుండా పట్టాను. తప్పు నాది."

ఆ నది పొడుగునా ఏ డిప్యూటీ నోటా ఆ మాట నేను వినలేదు.

"అక్కడ గుర్తు లేకపోతే?" అన్నాడు హాస్కెట్.

"లేకపోయినా రేపు జడ్జి వచ్చేదాకా వాడు లోపలే ఉంటాడు. మీరు లోపలికి పోవాలంటే నా శవం దాటి పోవాలి."

"మీ ఆవిడకు చెప్పే వచ్చావా?" అని ఎవడో వెక్కిరించాడు.

"చెప్పాను. ఇవాళ నాకు రొట్టెలు దాచొద్దన్నాను."

అన్సెల్మో సబ్బు రాసి గొరగడం మొదలుపెట్టాడు. నేను తుపాకీ పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. నాలుగు వేళ్ల మేర చర్మం బయటపడింది. దాని మీద, పైపైన కాల్చినట్టు పల్చగా, హాస్కెట్ ముద్ర!

దొర వేలితో దాని చుట్టూ రాసి చూశాడు. "మేస్త్రీ నాకు చెప్పనేలేదు" అని గొణిగి వెనక్కి తిరిగాడు. క్షమించమన్న మాట లేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు.

తలుపు తీస్తే నికనోర్ దండం పెడతాడనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య. అతను అన్సెల్మో వైపు సూటిగా చూసి, "తప్పు నీదన్నావు, విన్నాను. అది వచ్చి మా ఇంట్లో చెప్పు" అన్నాడు.

వెళ్లాం. నికనోర్ భార్య ఉర్సులా మొక్కజొన్న నూరుతోంది. మొగుణ్ణి చూసి ఏడ్చింది, మమ్మల్ని చూసి లేచి నిలబడింది. వాళ్ల ఐదేళ్ల పిల్ల పెత్రా తండ్రి దగ్గరికి రాకుండా తల్లి వెనకే నక్కింది.

"మీ నాన్న దొంగ కాదే అని మూడు రోజులుగా చెబుతున్నాను, వినదే! అన్సెల్మో మామ చెప్పాడుగా, ఆయన తప్పు చెప్పడుగా అంటుంది. ఇప్పుడు నువ్వే చెప్పు దానికి" అంది ఉర్సులా.

అన్సెల్మో టోపీ తీసి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మీ నాన్న దొంగ కాదు తల్లీ. నేనే చూడకుండా చెప్పాను."

పిల్ల తల్లి వెనక నుంచి తల బయటపెట్టింది.

"చూడకుండా ఎందుకు చెప్పావు?"

ముప్పైమందికి జవాబు చెప్పినవాడు ఆ ఒక్క పిల్లకు చెప్పలేకపోయాడు. అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. నేను లేపలేదు.