తలుపు లేని తాళంచెవి

మా మాజీ ఎమ్మెల్యే సార్ పోయారన్న కబురు నాకు చొప్పదండిలో తెలిసింది. చుట్టాల ఇంటికి పోయి తిరిగి వస్తూ, బస్సు కోసం చాయ్ హోటల్లో కూర్చున్నాను. హోటలాయన ఫోన్ చూసుకుంటూ "సార్ పోయిండట" అన్నాడు. నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట, "ఎవలు చూసిన్రు?"

పక్క బల్ల మీది వాళ్లు నన్ను అదోలా చూశారు. చావు కబురుకు అడగాల్సిన మాట కాదని నాకూ తెలుసు. కానీ ఆ మాట నాది కాదు, ఆయనదే. ఆయన పక్కన కొన్నేళ్లు తిరిగిన ఎవరికైనా అంటుకునే జబ్బు అది. పైగా ఇదివరకోసారి కూడా ఫోన్లలో ఆయన్ను ఇలాగే చంపేశారు. అప్పుడు నేను ఏడుపు ముఖంతో చెప్పులు వేసుకుంటుంటే స్వయంగా ఆయనే ఫోన్ చేశారు. "ఏం పెయింటరూ, నేను సచ్చిపోయిన్నట. ఎవలు చూసిన్రో జర కనుక్కో."

ఈసారి ఆ ఫోన్ కోసం చాయ్ చల్లారేదాకా చూశాను. రాలేదు. అప్పుడు నమ్మాను.

నేను గోడల మీద రాసి బతికినవాణ్ని. బడికి పోయింది తక్కువ. బీడీ కంపెనీల ప్రకటనలు చూసి చదువు నేర్చుకున్నాను. అక్షరాలు నా అంత ఎత్తుండేవి కాబట్టి తొందరగానే వచ్చాయి. ఇప్పుడు ఫ్లెక్సీలు వచ్చి మా పని తిన్నాయి. వాటి సంగతి ఎత్తితే ఈ వ్యాసం అటే పోతుంది, వద్దు. సార్ మొదటిసారి పోటీ చేసినప్పుడు ఆయన పేరు రాస్తున్నాను. వెనకనుంచి వచ్చి నా గోళ్లలోని రంగు చూశారు. అది ఆయన పార్టీ రంగు కాదు.

"నిన్న అవతలోని గోడ గూడ రాసినవా?"

"రాసిన సార్. సున్నం వాళ్లది, బ్రష్షు నాది."

"మరి ఓటెవలకు?"

"అది ఎవలు చూస్తరు సార్?"

ఆయన నవ్వారు. అంతమాత్రాన నన్ను నమ్మారని కాదు, ఆయన ఎవరినీ నమ్మేవారు కాదు. పక్కన మాత్రం కూర్చోబెట్టుకున్నారు. ఆయన దగ్గర అదే పెద్ద మర్యాద.

రాజకీయాల్లోకి రాకముందు ఆయన ఉట్నూర్ వైపు ఒక సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా చేశారు. పిల్లలందరూ తిన్నారని వంటమనిషి రోజూ చెప్పేవాడట. ఎవరు చూశారని ఈయన రోజూ అడిగేవారట. చివరికి తనే పళ్లెం పట్టుకుని పిల్లల వరసలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా హాస్టల్ తనిఖీకి పోతే వంటింటి ముఖం చూసేవారు కాదు. నేరుగా పిల్లలు చేతులు కడుక్కునే చోటికి పోయి మోరీలోకి వంగేవారు. ఆ మురుగు కాలువ నీళ్లలో పప్పు కనిపిస్తేనే పిల్లలు తిన్నట్టు, అదీ ఆయన లెక్క. "మనం వస్తున్నమంటె వంటిల్లు సింగారించుకుంటది పెయింటరూ. మోరీకి ఎవలు చెప్తరు?" అనేవారు.

కాగజ్‌నగర్‌లో ఆయన పాత దోస్తు ఒకాయన ఈయన్ను 'సవాల్ సాబ్' అని పిలిచేవాడు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. మన దగ్గర ఆ పేరు విన్నవాళ్లు మాత్రం ఈయన ఎవరి మీదో తొడగొట్టాడనుకున్నారు. శాసనసభలో మంత్రులూ అలాగే అనుకునేవారని నా అనుమానం. అడిగినవాడికి జవాబు చెప్పాలి, తొడగొట్టినవాడికి అక్కర్లేదు.

ఆయన్నూ నేను అనుమానించాను, దాచడం ఎందుకు. ఊళ్లో ఇల్లు రానివాళ్లు ఇంతమంది ఉంటే ఈయన హైదరాబాదు పోయి ప్రశ్నలడుగుతారేమిటి, ఇది పని తప్పించుకునే ఉపాయం కాదుగదా అని ఓసారి ముఖం మీదే అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "పైసల్ నా చేతుల లెవ్వు, ఆఫీసర్లు నా చేతుల లేరు. అడుగుడొక్కటే ఉన్నది. గది గూడ సక్కగ అడగకపోతె నేనెందుకు?" అన్నారు. ఇది జవాబో తప్పించుకోవడమో తేల్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. రాజవ్వ ఇంటి సంగతి జరిగేదాకా తేలలేదు.

రాజవ్వ పద్మశాలీ ఆడమనిషి. భర్త మరమగ్గాల మీద పనిచేస్తూ పోయాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆ సాంచాల షెడ్డుకు ఆనుకున్న రేకుల పంచలోనే ఆమె కాపురం. షెడ్డు యజమాని కొత్త సాంచాలు దింపుతానని, వానలు పడేలోపు పంచ ఖాళీ చెయ్యమన్నాడు. అదే సమయానికి సర్కారు కట్టించిన కాలనీ ఇళ్ల డ్రాలో ఆమె పేరు వచ్చింది. పెద్ద సభ పెట్టి, వేదిక మీదికి పిలిచి, చేతిలో తాళంచెవి పెట్టి ఫోటో తీశారు. ఆమె దాన్ని కొంగుకు ముడి వేసుకుంది.

ఎక్కడో ఫోటో కాగానే తాళంచెవులు వెనక్కి తీసుకున్నారని సార్ చెవిన పడింది. ఇంకేం, అనుమానం నిద్ర లేచింది. మా దగ్గరా అంతే జరిగి ఉంటుందని శాసనసభలో ప్రశ్న వెయ్యడానికి కూర్చున్నారు. నన్నూ పిలిచారు, తెలుగు చూడమని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు తాళంచెవిని తాళంచెయ్యి అంటారు. పుస్తకాల్లో చెవి. సార్ 'చెయ్యి' అని రాశారు, నేను 'చెవి' అన్నాను. మా జనం మాట సభలో వినబడాలని ఆయన. నవ్వుతారని నేను. తాళం తీసేది చెయ్యి కాబట్టి చెయ్యే సరి అని ఆయన. మెలిపెడితే గానీ వినదు కాబట్టి చెవే సరి అని నేను. పొద్దంతా దాని మీదే పోయింది. చివరికి చెవి గెలిచింది. లబ్ధిదారులకు తాళంచెవులు అందజేయలేదన్న విషయం వాస్తవమేనా, అందజేయకపోతే కారణాలేమిటి, ఎప్పటిలోగా అందజేస్తారు అని మూడు ముక్కలుగా ప్రశ్న పోయింది.

జవాబు వచ్చింది. మొదటి ముక్కకు: "కాదండి. అందరికీ అందజేశాం." మిగతా రెంటికీ: "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

ఉత్పన్నం కాదు. ఎంత సుఖమైన మాటో చూడండి. గోడ మీద నేను ఎన్ని మాటలు రాశానో గానీ, నిలబడ్డ మనిషిని లేడు పొమ్మనే మాట అలాంటిది ఇంకొకటి రాయలేదు.

జవాబు సంగతి తెలిసి రాజవ్వ సార్ ఇంటికి వచ్చింది. కొంగు ముడి విప్పి తాళంచెవిని బల్ల మీద పెట్టింది.

"ఇచ్చిన్రు సారూ, అబద్ధం కాదు. గిది ఏ తలుపుదో గది చెప్పుమను."

ఆ మధ్యాహ్నమే ముగ్గురం కాలనీకి పోయాం. గోడలున్నాయి, స్లాబు ఉంది, పసుపు రంగు కూడా ఉంది. దర్వాజా చట్రాలున్నాయి, వాటికి తలుపుల్లేవు. గడప దగ్గర సర్కారు తుమ్మ నడుమెత్తు లేచింది. సర్కారు ఇంట్లోకి ముందుగా కాపురానికి వచ్చింది అదే. సార్ తాళంచెవి అందుకుని, తలుపు ఉండాల్సిన చోట గాలిలో ఒకసారి తిప్పారు.

"అందర్ని ఎవలు చూసిన్రు అని అడిగిన పెయింటరూ. నేను సూడలే" అన్నారు తిరిగొస్తుంటే.

మేం చెవి, చెయ్యి అని కొట్లాడుకుంటున్నప్పుడు తలుపు మా ఇద్దరికీ తట్టలేదు. అనుమానం కూడా ఒక్కోసారి వేరే ఇంటికి పోయి కూర్చుంటుంది.

మళ్లీ సభ జరిగినప్పుడు ఆయన ఒక్క ముక్క ప్రశ్నే వేశారు. లబ్ధిదారులకు అందజేసిన తాళంచెవులు ఏయే తలుపులకు సంబంధించినవో మంత్రిగారు దయచేసి తెలియజేస్తారా? అవునండి అని తప్పించుకోలేరు, కాదండి అనీ తప్పించుకోలేరు. ఆ మాటలు రాజవ్వవే, మంత్రిగారూ దయచేసీ మాత్రం మేం చేర్చాం. అటూ ఇటూ అందరూ నవ్వారట. జవాబు మాత్రం, సమాచారం సేకరిస్తున్నామని. అప్పటికి మొదటి వాన పడింది. యజమాని రాజవ్వ సామాను పంచ బయట పెట్టించాడు. సార్ ఆమెను తన ఇంటి వెనక గదిలో ఉంచారు. ఆమె అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున ఒకటే అడిగేది, సమాచారం దొరికిందా సారూ అని.

దొరికింది. తలుపులు వచ్చాయి. ప్రశ్నకే వచ్చాయా అంటే నేను ప్రమాణం చెయ్యను. సార్ కూడా చెయ్యలేదు. "ఎలక్షన్లు దగ్గరికొచ్చినయ్, తలుపులు నడుసుకుంట వచ్చినయ్" అన్నారు. తాళాలు కొత్తవి పెట్టారు, పాత చెవి దేనికీ పట్టలేదు. రాజవ్వ పాలు పొంగించిన రోజు సార్ వచ్చి ముందు తలుపును వేలితో కొట్టి చూశారు. చెక్కనా, అట్టనా అని. నమ్మకం కుదరక నాతో చెంబెడు నీళ్లు పోయించి, ఉబ్బుతుందేమోనని వంగి చూస్తున్నారు.

"నా తలుపుకు తానం చేపిస్తున్నవా సారూ?" అంది రాజవ్వ లోపలినుంచి. తలుపు ఉబ్బలేదు. ఆ రోజు సార్ ప్రశ్నల మీద నా అనుమానం కూడా తీరింది.

ఆ ఎన్నికల్లో సార్ ఓడిపోయారు. కాలనీ ఓట్లన్నీ మీకే పడ్డాయట సార్, రాజవ్వ ఒట్టేసి చెప్పింది అన్నాను. ఆయన ముసిముసిగా నవ్వి, "ఎవలు చూసిన్రు?" అన్నారు.

చొప్పదండి నుంచి నేరుగా ఆయన ఇంటికే పోయాను. వాకిలినిండా జనం. గోడ పొడవునా ఫ్లెక్సీలు, ఒకదాంట్లో అక్షరం తప్పు. ఆ జనాన్ని తోసుకుంటూ రాజవ్వ వచ్చింది. బాగా వంగిపోయింది. అద్దాల పెట్టె దగ్గర నిలబడి, కొంగుతో అద్దం తుడిచి, ఆయన ముఖాన్ని తీరిగ్గా చూసింది. ఏడవలేదు.

"ఈ వయసుల ఇంత దూరం ఎందుకచ్చినవ్ అవ్వా?" అన్నాను.

"పోయిండని అందరన్నరు కొడుకా. ఎవలు చూసిన్రు? గందుకే నేనే అచ్చిన."

సాగనంపేదాకా ఉండమని సార్ భార్య చెయ్యి పట్టుకుంది. రాజవ్వ తల అడ్డంగా ఊపింది.

"లేదు బిడ్డా, పొద్దుగూకకముందే పోవాలె. ఇల్లు తాళమేసచ్చిన."

ఆటో ఎక్కుతూ ఆమె కొంగు ముడిని ఒకసారి తడిమి చూసుకుంది. ముడిలో రెండు తాళంచెవులున్నాయి. ఒకటి రోజూ తిరిగి తిరిగి అరిగి తెల్లబడింది. రెండోది ఏ తాళంలోనూ దూరలేదు గనక ఇంకా వేదిక మీద ఇచ్చిన రోజులాగే ఉంది. ఆటో మలుపు తిరిగేదాకా అవి ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు నాకు వినబడిందనే అనుకుంటున్నాను.