గుట్ట మీద ఊట

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మనవడు కొత్త గేర్ల సైకిలు తెచ్చాడని, ఈ ఉదయం ఇద్దరం బీదరు బయట గుట్ట పార్కుకు వెళ్లాం. వాడు సైకిలు మీద, నేను చేతికర్రతో. ఒక్కసారైనా ఆ గుట్ట పైకెక్కి చూడాలని నా కోరిక. వాడేమో సగం దారిలోనే సైకిలు దిగి, "నానమ్మా, చెమటతోని తడిసిన, ఇగ వాపస్ పోదాం" అన్నాడు.

అక్కడొక కన్నడ బోర్డు ఉంది. వాడికి కన్నడం చదవడం రాదు. "ఏం రాసిండ్రు?" అన్నాడు.

"పైన ఊట ఉన్నదట."

"ఊటనా! అయితే తానం చేస్త" అంటూ నాకంటే ముందే ఎక్కేశాడు.

నేను చేరేసరికి వాడు భుజాన తువ్వాలు వేసుకుని, అక్కడ జొన్నరొట్టెలు కాలుస్తున్న ఒకామెను అడుగుతున్నాడు. "అక్కా, ఊట ఏడున్నది?"

"ఈడనే బిడ్డా. కూసో, వడ్డిస్త."

కన్నడంలో ఊట అంటే భోజనం. వాడు నా మీద అలిగాడు గానీ, ఆ అలక రొట్టెల మీద, వంకాయ కూర మీద చూపించలేదు.

మా ఇంట్లో అబద్ధమాడితే నేను క్షమించను. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టే చదివాను. అర్థం వాడు అడగలేదు. పైనుంచి బీదరు ఊరంతా కనబడింది. నా స్థానంలో మీరుంటే అర్థం చెప్పేవారా?