నిలకడలేని వారం, తెరిచిన గొయ్యి

సోమవారం పొద్దున సైమా హీకినెన్ నేలలోకి దింపిన ఇనుపకడ్డీ మూరెడు లోతున ఆగిపోయింది. కడ్డీ లాగి, రెండడుగులు పక్కకి జరిగి మళ్ళీ దింపింది. అక్కడా అంతే. పై వాలులో సమాధుల మధ్య గడ్డి అప్పటికే పచ్చబడుతోంది. కింద, హెమ్లాక్ చెట్ల నీడలో, తన అక్క హిల్యా కోసం ఉంచిన చోట మాత్రం మే నెల వచ్చినా నేల ఇంకా జనవరిలోనే ఉంది.

టామరాక్ హార్బర్‌లో నేల గడ్డకట్టి ఉండే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా చనిపోయినవాళ్ళని వెంటనే పూడ్చరు. చర్చిలో ప్రార్థన అయ్యాక శవపేటికను స్మశానం గుట్టలో తొలిచిన రాతి గదిలో పెట్టి ఇనుప తలుపులు వేస్తారు. ఊళ్ళో దాన్ని ఉత్తినే "గది" అంటారు. మంచు కరిగి నేల మెత్తబడ్డాక ఒక్కొక్కరినీ బయటకి తెచ్చి పూడ్చిపెడతారు. ఎవరిని ఎప్పుడు తేవాలో చెప్పేది సైమా. గది తాళంచెవి, ఆమె ఇంటి తాళంచెవి ఒకే గుత్తిలో ఉంటాయి.

ఆమె ఈ పనిలోకి అనుకుని రాలేదు. అంతకుముందు బడి వంటగదిలో పనిచేసేది. గని మూతపడి భర్త రైనో ఇంట్లో కూర్చున్న ఏడాది, స్మశానం చూసుకునే ముసలాయన మోకాళ్ళు కూడా మూతపడ్డాయి. పంచాయతీవాళ్ళు రైనోని అడిగారు. రైనో శవాలంటే భయమన్నాడు. పక్కన గిన్నెలు తుడుస్తున్న సైమా తాను చేస్తానంది. "వంటగదిలో మూడొందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టినదాన్ని, వీళ్ళు తోసుకోను కూడా తోసుకోరు" అందట. రైనో పోయి ఎనిమిదేళ్ళు. ఆయన ప్రాణమూ చలికాలంలోనే పోయింది. ఆయన కూడా గదిలో ఉండి, తన వంతు వచ్చాకే వాలు మీదికి వెళ్ళాడు.

ఆమెకున్న నియమం ఒకటే: అందరూ ఆగుతారు. నేల ఎక్కడ ముందు మెత్తబడితే అక్కడివాళ్ళు ముందు వెళ్తారు. పేరు చూసేది లేదు, ఊళ్ళో ఎంత పెద్దవాళ్ళన్నది చూసేది లేదు. మూడేళ్ళ కిందట పంచాయతీవాళ్ళు ఒక రేకు మూత కొన్నారు. పడవని బోర్లించినట్టుంటుంది. నేల మీద పెట్టి లోపల గ్యాస్ మంట వెలిగిస్తే ఒక పగలూ రాత్రీ గడిచేసరికి గడ్డకట్టిన మన్ను కరుగుతుంది. సైమా దాన్ని షెడ్డులో మూలకి నెట్టి, మీద ఎండుగడ్డి మోపులు పేర్చింది. ఒకరికి పెడితే అందరికీ పెట్టాలి, అప్పుడిక వరసెందుకు అనేది ఆమె వాదన. ఆ మూతని చాలామంది అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు.

"రేడియో విన్నావా?" అన్నాడు వెర్న్ ట్రెంబాత్, పికప్ దిగుతూ. జేసీబీ అతనిదే. పన్నెండేళ్ళుగా ఇక్కడి గోతులన్నీ అతనే తవ్వుతున్నాడు.

"విన్నాను. ఇవాళ చల్లని వాన. రేపు జల్లులు, మధ్యమధ్య మంచుపూసలు. బుధవారం ఎండ. గురువారం ఈశాన్యం గాలి, తడిమంచు. ఆ తర్వాత వారమంతా చల్లగా, నిలకడ లేకుండా ఉంటుందట."

"నిలకడ లేకుండా అంటే?"

"చెప్పేవాడికీ తెలీదని."

వెర్న్ నవ్వి, ఆమె చేతిలోని కడ్డీ వైపు చూశాడు. "ఎంత దిగింది?"

"మూరెడు."

"ఇర్యా ఎప్పుడొస్తుంది?"

"గురువారం."

వెర్న్ నవ్వు ఆపేశాడు.

ఇర్యా హిల్యా కూతురు. ఖనిజం మోసే ఓడలో వంటమనిషి. హిల్యా డిసెంబరు చివర్లో పోయినప్పుడు ఓడ సరస్సు మధ్యలో ఉంది, ప్రార్థనకి ఇర్యా అందుకోలేకపోయింది. చలికాలం సెలవులో వచ్చి గది ఇనుప తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడి, మళ్ళీ మార్చిలో ఓడెక్కింది. ఈ గురువారం ఆ ఓడ గంట ప్రయాణం దూరంలో ఉన్న రేవులో ఖనిజం నింపుకుంటుంది. ఆ ఒక్కపూటే ఆమె దిగగలదు. తర్వాత ఆగస్టు దాకా ఈ ఒడ్డుకి రాదు. తల్లిని మట్టిలో పెట్టేటప్పుడైనా పక్కన ఉండాలని ఆమె ఆశ. ఫోనులో ఇంకేమీ అడగలేదు.

"దానంతటది కరగాలంటే ఇంకో రెండు వారాలు" అన్నాడు వెర్న్. "మూత పెడితే రేపు మధ్యాహ్నం నుంచి ఎల్లుండి మధ్యాహ్నానికి అయిపోతుంది. బుధవారం పొద్దున ఎలాగూ పై వాలులో ఆర్మాండ్ బోషాంకి తవ్వాలి. అది కాగానే ఇటు వస్తాను. గురువారం వానలో అయితే నా బండి ఈ పల్లంలో దిగబడిపోతుంది, దాన్ని లాగడానికి ఇంకో బండి కావాలి."

సైమా కడ్డీకి అంటిన మన్ను చేతితొడుగుతో తుడిచింది. "మార్చిలో ఆర్మాండ్ గారి కోసం డెల్ఫీన్ గారు మూత అడిగారు."

"తెలుసు. ఆవిడ అడగడం, నువ్వు లేదనడం ఊరందరికీ తెలుసు."

"అదే చెబుతున్నా."

"సొంత అక్క కదా సైమా. ఎవరేమంటారు?"

"సొంత అక్క కాబట్టే అంటారు. అనాలి కూడా."

మంగళవారం పొద్దున ఆమె డెల్ఫీన్ బోషాం ఇంటికి వెళ్ళింది. డెల్ఫీన్‌కి ఎనభై దాటాయి. ఆమె భర్త ఆర్మాండ్ డిసెంబరు మధ్యలో పోయాడు. గదిలోకి అందరికన్నా ముందు వెళ్ళింది ఆయనే. వంటగదిలో బఠాణీ సూపు ఉడుకుతోంది. కిటికీ అద్దానికి మంచుపూసలు టపటపా తగులుతున్నాయి.

"రేపు మారదుగా?" అంది డెల్ఫీన్, గరిటె చేతిలో పట్టుకునే.

"మారదు. పది గంటలకే. ఫాదరుకి కూడా చెప్పాను."

"మరి ఈ వానలో ఎందుకొచ్చావ్?"

"మా అక్క దగ్గర మూత పెడుతున్నాను. ఇవాళ మధ్యాహ్నం."

డెల్ఫీన్ సూపు కలుపుతూనే ఉంది. "మార్చిలో నేనడిగితే ఏమన్నావ్?"

"నేల ఒప్పుకున్నప్పుడే అన్నాను."

"మీ అక్క దగ్గర నేల ఒప్పుకుందా?"

"లేదు."

"మరి నా పర్మిషన్ కోసం వచ్చావా?"

"లేదండీ. ఇంకొకరు చెప్పకముందు నేనే చెబుదామని వచ్చాను."

"నేను ఊరంతా చెప్తాను అమ్మాయ్."

"చెప్పండి."

"ఇవాళే చెప్తాను. మధ్యాహ్నం చర్చిలో బింగో ఆట ఉంది."

"అయితే ఫోన్లు చేసే పని తప్పుతుంది మీకు."

డెల్ఫీన్ పెదవుల మీద నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. స్టవ్వు తగ్గించి, "మార్చిలో నా కోపం మూత గురించి కాదు" అంది. "ఆయన్ని ఆ చీకట్లో పెట్టి నేనిక్కడ రోజులు లెక్కపెడుతుంటే, నువ్వు ఆ గుమ్మంలో నిలబడి, బూట్లయినా విప్పకుండా, కుదరదని చెప్పి వెళ్ళిపోయావ్. ఇవాళైనా కూర్చో."

సైమా బూట్లు విప్పి కూర్చుంది. సూపులో ఉప్పెక్కువైంది. గిన్నె ఖాళీ చేసింది.

బుధవారం ఎండ వచ్చింది, రేడియో చెప్పినట్టే. పై వాలులో మన్ను పొడిపొడిగా లేచింది. ఆర్మాండ్ బోషాం పని అరగంటలో ముగిసింది. అందరూ కార్ల వైపు నడుస్తుంటే డెల్ఫీన్ మాత్రం ఆగి, కింద చెట్ల నీడలో ఆవిరి కక్కుతున్న రేకు మూతని కాసేపు చూసింది. "ఇంత వికారంగా ఉంటుందనుకోలేదు" అని కర్ర ఊనుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వెర్న్ మూత తీసి తవ్వాడు. పైన మన్ను జావలా ఉంది. కింద నీలిబంక, దాని కింద ఇసుక. అడుగున నీరు ఊరుతోంది. సైమా గోతిలో గోడలకి పలకలు ఆనించి, అడ్డకర్రలు బిగించి, పైన ప్లైవుడ్, దాని మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. ఒక్క రాత్రి ఆగితే చాలు. ఆమె లెక్క అదే.

గాలి రేడియో చెప్పినదానికన్నా ముందే వచ్చింది. గురువారం తెల్లవారేసరికి సరస్సు మీద తెల్లని నురగ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. కాఫీ పెడుతుండగా ఫోను మోగింది.

"పిన్నీ, మేం గాలికి తట్టుకోలేక కొండకొమ్ము చాటున లంగరేశాం" అంది ఇర్యా. మాటల వెనక గిన్నెల చప్పుడు. "కెప్టెన్ కదలనంటున్నాడు. రేవులోకి వెళ్ళేసరికి రేపు రాత్రో, ఎల్లుండి పొద్దునో."

"సరే."

"సరే అంటే? మీరు కానిచ్చెయ్యండి. పాస్టరు గారు వస్తారు కదా. అమ్మని ఇంకా ఎంతసేపు..."

"మీ అమ్మ గదిలో హాయిగా ఉంది. ఎవరితోనూ గొడవ పడటం లేదు, అదొక్కటే వింత. నువ్వు ఎల్లుండే రా."

"గొయ్యి నిలబడుతుందా పిన్నీ?"

సైమా కిటికీలోంచి చూసింది. వాన అడ్డంగా పడుతోంది. "తెలీదు. నువ్వు నీ పొయ్యి చూసుకో, నేను నా గొయ్యి చూసుకుంటాను."

ఫోను పెట్టి బూట్లు తొడుక్కుంది. తెరిచిన గోతిని వానలో వదలడం ఆమె ఎప్పుడూ చెయ్యని పని. ఇసుక నేల, ఎప్పుడు జారుతుందో చెప్పలేం. జారితే పూడ్చేసి మళ్ళీ మొదటినుంచి తవ్వాలి, ఆ పాటికి ఇర్యా ఓడ ఏ రేవులో ఉంటుందో. పూడ్చడమే తెలివైన పని. ఇంకెవరి గొయ్యి అయినా ఆమె పూడ్చమనే చెప్పేది. అది కూడా తనకి తెలుసు.

ఆ రోజంతా రెండు గంటలకోసారి మోటారు పెట్టి నీళ్ళు తోడింది. సాయంత్రానికి తడిమంచు మొదలైంది. శుక్రవారం పొద్దున ప్లైవుడ్ ఎత్తి చూస్తే ఉత్తరం గోడ ముందుకి ఉబ్బింది. పలక విల్లులా వంగింది.

వెర్న్ గోతిలోకి తొంగిచూసి, పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత రెండు బరువైన ఓక్ తలుపులతో తిరిగొచ్చాడు. పాత బడి పడగొట్టినప్పుడు కొట్టంలో దాచినవట. ఒకదానికి ఇత్తడి పలక ఇంకా ఉంది: ప్రిన్సిపాల్.

"ఇది పనికొస్తుందా?" అన్నాడు.

"మా అక్క ఆ బడిలో చదివినన్నాళ్ళూ సగం ఈ తలుపు ముందే నిలబడింది" అంది సైమా. "కోపం రాదనుకుంటా. దించు."

ఇద్దరూ కలిసి తలుపుల్ని గోడకి ఆనించి, మధ్యలో జాకీ బిగించారు. వెర్న్ పైకి ఎక్కాక ఆమెకి చెయ్యిచ్చి లాగాడు. ఇద్దరి ముఖాల నిండా బంకమన్ను.

"పన్నెండేళ్ళలో ఒక్కరి కోసం కూడా ఇంత చెయ్యలేదు నువ్వు" అన్నాడు వెర్న్.

"అవును."

"తప్పని అనడం లేదు."

"నేనూ ఒప్పని అనడం లేదు. మోటారు వెయ్యి."

మధ్యాహ్నం డెల్ఫీన్ మనవరాలి కారులో వచ్చి, అద్దం కొంచెం దించి, టవల్లో చుట్టిన సూపు గిన్నె బయటకి పెట్టింది.

"బింగోలో ఏమన్నారు?" అనడిగింది సైమా.

"ఐదుగురు నా పక్షం. ఒకామె నీ పక్షం. ఆ ఒకామెకి చెవుడు." గోతి వైపు చూసింది. "నిలబడుతుందా?"

"ఇప్పటికైతే నిలబడింది."

"మా ఆయన దగ్గర ఇన్ని తలుపులు పెట్టలేదే."

"ఆయనది మంచి నేలండీ."

"ఆయన ఎప్పుడూ అదృష్టవంతుడే" అని డెల్ఫీన్ అద్దం ఎత్తేసింది.

శనివారం తెల్లవారేసరికి గాలి పడిపోయింది. మబ్బులు మాత్రం కదల్లేదు. ఇర్యా పదకొండింటికి ఓడలో పనిచేసే ఒకతని పికప్‌లో వచ్చింది. ఒంటి మీద వంటగది చొక్కా, కాళ్ళకి నూనె మరకల బూట్లు. బట్టలు మార్చుకునే టైము లేదు, నాలుగింటికల్లా ఓడలో ఉండాలి. గోతి దగ్గరికి వచ్చి, లోపల ఇత్తడి పలక చూసి, పిన్ని వైపు చూసింది.

"ఇదేంటి?"

"మీ అమ్మని ఆపడానికి కాదులే. గోడని ఆపడానికి."

ఇర్యా ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. సైమా ఆమె చెయ్యి పట్టుకుంది, పాస్టరు పుస్తకం తెరిచేదాకా వదల్లేదు. జాకీ విప్పాక ఒక తలుపు లేచింది. ప్రిన్సిపాల్ తలుపు మట్టి బరువుకి బిగుసుకుపోయింది. వెర్న్ గొలుసు కట్టి లాగబోతే సైమా వద్దంది. లాగితే గోడ మొత్తం వస్తుంది. దాన్ని అలాగే ఉంచి హిల్యాని దించారు. మొదటి గుప్పెడు మన్ను ఇర్యా వేసింది. అది తడిసి ముద్దయి ఉంది, వేళ్ళకి అంటుకుని ఓ పట్టాన ఊడలేదు.

వెళ్ళేముందు ఇర్యా పికప్ దగ్గర ఆగింది. "అందరికీ ఇలాగే చేస్తావా పిన్నీ?"

"లేదు" అంది సైమా. "ఇప్పటిదాకా చెయ్యలేదు."

ఆదివారం సాయంత్రం రేడియో వచ్చే వారం కూడా చల్లగా, నిలకడ లేకుండానే ఉంటుందంది. అప్పటికి రెండు కుటుంబాలు మూత కోసం ఫోను చేశాయి. రెండింటికీ ఆమె సరేనంది. ఎవరికి ముందో వాళ్ళలో వాళ్ళనే తేల్చుకోమంది. సోమవారం వెర్న్ మూతని చెట్ల కిందనుంచి తూర్పు వైపుకి లాగి, గ్యాస్ వెలిగించాడు. గదిలో ఇంకా నలుగురున్నారు.