ఒరెస్ట్ కోవాల్ ఎడమ కాలు, ఐవర్ లుండ్ కుడి కాలు

ఒక మనిషిని గురించి రాయాలంటే మామూలుగా ముఖం దగ్గర మొదలుపెడతారు. ఒరెస్ట్ కోవాల్ విషయంలో అలా కుదరదు. అతని ముఖం మా టర్న్‌బుల్ ఊళ్ళో గోధుమ పండించే ప్రతి మగవాడి ముఖం లాంటిదే. ఎర్రగా ఎండిన బుగ్గలు, టోపీ అంచు వరకే తెల్లని నుదురు. అతని కథంతా కాళ్ళలోనే ఉంది. ఎడమ పాదం కొలత తొమ్మిదిన్నర, కుడి పాదం ఎనిమిది. పదకొండో ఏట ట్రాక్టరు చక్రం కుడి పాదం మీదుగా వెళ్ళింది. పాదం బతికింది గానీ, ఆ రోజు నుంచి పెరగడం మానేసింది.

చెప్పుల కొట్లో ఇదొక ఇబ్బంది, అంతే. చలికాలమంతా మంచు మీద హాకీ ఆడే ఊళ్ళో మాత్రం ఇది శాపం. అడుగున ఉక్కు పట్టీ ఉన్న ఆ స్కేటు బూటు వదులుగా ఉంటే మడమ లోపల ఈదులాడుతుంది, బిగుతుగా ఉంటే వేళ్ళు చచ్చుబడతాయి. ముప్పై ఒకటో ఏడు వచ్చేదాకా ఒరెస్ట్ కుడి బూటులో రెండు మేజోళ్ళు, ఒక గుడ్డముక్క కుక్కుకుని ఆడాడు. ఆ ఏడాది అతని భార్య స్టెఫాకి విసుగు పుట్టి, రైతుల వారపత్రికలో ఒక ప్రకటన వేయించింది. "ఎడమ తొమ్మిదిన్నర, కుడి ఎనిమిది. సరిగ్గా దీనికి తిరగేసిన కాళ్ళున్నవారు రాయగలరు. స్కేట్ల కోసం."

ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. మా పక్క ఊరు సెయింట్ ఒడిల్ నుంచి. కింద సంతకం ఐవర్ లుండ్.

స్టెఫా ఆ పేరు చదివి వినిపించగానే ఒరెస్ట్ పై పెదవి తడుముకున్నాడట. అక్కడ ఉండాల్సిన రెండు పళ్ళు లేకపోవడానికి కారణం ఆ ఐవర్ లుండే. ఒడిల్ జట్టులో ముందు వరసలో ఆడే మనిషి. గడ్డివాములా ఉండేవాడు, మాటలు కూడా గడ్డివామంత పోగుపోసేవాడు. మా గోల్ దగ్గర నిలబడేది నేను గనక ఆ ఇద్దరి గుద్దులాటలు నాకు పది గజాల దూరంలోనే జరిగేవి.

అయినా కాళ్ళు కాళ్ళే. నాలుగైదేళ్ళకొకసారి ఇద్దరూ రెండూళ్ళకీ మధ్యనున్న ఊళ్ళోని ఆటసామాన్ల కొట్టుకి వెళ్ళేవాళ్ళు. ఒకరు తొమ్మిదిన్నర జత కొనేవారు, ఒకరు ఎనిమిది జత. బయట ట్రక్కు బానెట్ మీద పెట్టెలు విప్పి ఒక్కో బూటు మార్చుకునేవారు. చేతులు కలుపుకునేవారు కాదు. ఒరెస్ట్ పాదం పెనంలా వెడల్పు, ఐవర్‌ది చేపలా సన్నం. ఇద్దరూ ఒకే రకం కొనాలి గనక ఎప్పుడూ మధ్యరకం తీసుకునేవాళ్ళు. దాంతో ఒకడికి నొక్కేది, ఇంకొకడికి జారేది. ఆ మాట మీద బానెట్ దగ్గర గంటసేపు తిట్టుకునేవారు. ఆ తర్వాత థర్మాస్‌లో కాఫీ అయిపోయేదాకా అక్కడే నిలబడేవారు.

ఒకసారి మ్యాచ్‌లో ఒడిల్ కుర్రవాడొకడు ఒరెస్ట్ కాలి మీద కర్రతో కొట్టాడు. ఐవర్ తన జట్టువాణ్ణే కాలరు పట్టుకుని గోడకి అదిమాడు.

"మూతి మీద కొట్టరా, వద్దన్నానా? బూటు జోలికి మాత్రం పోకు. ఆ జతలో సగం నాది!"

అలా ఎనిమిదిసార్లు మార్చుకున్నారు. తొమ్మిదోసారి ఈ శరదృతువులో రావాలి. వేసవిలోనే ఐవర్ ఫోన్ చేశాడు. తన ఎడమ బూటు మడమ దగ్గర చీలిందనీ, అక్టోబరులో వెళ్దామనీ, ఈసారైనా సన్నరకం కొనకపోతే చూసుకుంటాననీ చెప్పాడు.

సెప్టెంబరులో ఒరెస్ట్‌కి అరవై ఐదు నిండాయి. మా జట్టువాళ్ళం చందాలేసుకుని అతనికో బహుమతి ఇద్దామనుకున్నాం. నది అవతల సిమోన్ ట్రుడెల్ అనే పెద్దావిడ ఉంది. మొదట గుర్రపు స్వారీ బూట్లు కుట్టేది, ఇప్పుడు కాలి కొలతలు తీసి చేత్తో స్కేట్లు కుడుతుంది. ఆవిడకి ముందే డబ్బు కట్టి, ఆ రసీదు కాగితాన్ని డ్రెస్సింగ్ రూములో ఒరెస్ట్ చేతికిచ్చాం. కెప్టెన్ క్లెమ్ ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"ఒరేయ్ ఒరెస్టూ, ముప్పై నాలుగేళ్ళ నుంచి నీ ఒక కాలు ఒడిల్ వాళ్ళ దయమీద నడుస్తోంది. మాకు సిగ్గుగా ఉంది. ఇకనుంచి రెండు కాళ్ళూ టర్న్‌బుల్‌వే!"

అందరం చప్పట్లు కొట్టాం. ఒరెస్ట్ ముఖం సున్నం వేసినట్టయింది. సంతోషం పట్టలేకపోతున్నాడనుకున్నాం.

మర్నాడు వాళ్ళింటికి వెళ్తే సంగతి తెలిసింది. స్టెఫా పెరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కజ్జికాయలు, వేయిస్తోంది. ఒరెస్ట్ బల్ల దగ్గర ఫోన్ ముందు కూర్చుని ఉన్నాడు.

"పొద్దుటి నుంచీ ఇదే వరస," అంది స్టెఫా. "ఐవర్‌కి చెప్పాలట. నోరు రావడం లేదట."

"నేను కుట్టించుకుంటే వాడికి జత ఎవరు?" అన్నాడు ఒరెస్ట్. "ఇంకో ప్రకటన వేసుకోమంటానా? ఈ వయసులో వాడికెవరు దొరుకుతారు? వాడు ఆట మానేస్తాడు."

"మానేస్తే నీకు పళ్ళు మిగులుతాయి."

"ఉన్నవి ఎలాగూ కట్టుడువే."

"ముప్పై నాలుగేళ్ళు తిట్టినవాడికి ఒక్క ఫోన్ చెయ్యలేవా?"

"తిట్టడానికైతే ఈపాటికి చేసేవాణ్ణే."

మా బహుమతి కాదంటే జట్టు నొచ్చుకుంటుంది. తీసుకుంటే ఐవర్ గతేమిటి? అక్టోబరులో ఐవర్ ఫోన్ చేస్తే ఒరెస్ట్ నడుం నొప్పి అన్నాడు. మళ్ళీ చేస్తే కోతలు అన్నాడు. పొలాల మీద అప్పటికే మంచు కురుస్తోంది. ఐవర్ కూడా రైతే.

చివరికి ఒరెస్ట్ సిమోన్ దగ్గరికి వెళ్ళాడు. నన్నూ తోడు తీసుకెళ్ళాడు. ఆవిడ అతని పాదాలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి, మోకాళ్ళు వంచమని ఇంకొకసారి కొలిచింది.

"వేళ్ళు ఎందుకు ముడుస్తున్నావు?"

"ముడవడం లేదు మదామ్. అవి అలాగే ఉంటాయి."

"మధ్యరకం బూట్లలో పెడితే అలాగే అయిపోతాయి. ఇన్నేళ్ళు ఎలా ఓర్చుకున్నావయ్యా?"

"మదామ్, ఇంకో జత కూడా కావాలి. దానికి డబ్బు నేనిస్తాను. ఎడమ ఎనిమిది, కుడి తొమ్మిదిన్నర."

"ఎవరికి?"

"ఒక తెలిసినవాడికి."

"నేను అంకెలకి బూట్లు కుట్టను, కాళ్ళకి కుడతాను. కనీసం కాగితం మీద పాదాల చుట్టూ గీత గీసి తీసుకురా. మొదలుపెడతాను."

తిరిగి వస్తూ దారంతా ఒరెస్ట్ ఆలోచించాడు. ఐవర్‌ని అడిగితే టర్న్‌బుల్ వాడి దగ్గర గుండుసూది కూడా తీసుకోడు. కాబట్టి చెప్పకుండా గీత సంపాదించాలి, బూట్లు కుట్టించాలి, వాళ్ళ గుమ్మంలో పెట్టి గంట కొట్టి పారిపోవాలి.

"ఆ మోకాళ్ళతో పారిపోతావా?" అన్నాను.

"నువ్వు బండి స్టార్ట్ చేసి ఉంచుదువుగాని."

నవంబరులో ఒడిల్ వాళ్ళ మంచు మైదానం, రింకులో మ్యాచ్ జరిగింది. అయిదు రెండుతో ఓడిపోయాం. రెండు జట్లకీ స్నానాల గది ఒక్కటే, దాని ముందు సిమెంటు నడవా. స్నానం చేసి చిట్టచివర బయటికొచ్చేది ఎప్పుడూ ఐవరే. ఒరెస్ట్ మాంసం కొట్టువాళ్ళు వాడే కాగితం చుట్ట, వడ్రంగి పెన్సిలు పట్టుకుని, నన్ను పక్కన పెట్టుకుని నడవాలో మాటు వేశాడు. ఐవర్ ఒళ్ళు తుడుచుకుంటూ మా ముందు నుంచే తన గదిలోకి వెళ్ళాడు. నేల మీద తడి పాదాలు చక్కగా పడ్డాయి. ఒరెస్ట్ మోకాళ్ళ మీద కూలబడి కాగితం పరిచాడు. గుర్తులు కాగితానికి అంటుకున్నాయి. వాటి చుట్టూ గీయడం మొదలుపెట్టాడు. ఇంతలో క్లెమ్ సబ్బు మరిచిపోయానంటూ స్నానాల గదిలోకి పోయి, తిరిగొస్తూ ఆ కాగితం మీద నుంచే తడికాళ్ళతో నడిచి వెళ్ళిపోయాడు. ఐవర్ కాలికి ఏడు వేళ్ళొచ్చాయి.

"ఇప్పుడెలా?" అన్నాడు ఒరెస్ట్. చుట్టూ మరకలు ఆరిపోతున్నాయి.

"ఏది ఎలా?" అని వెనక నుంచి వినిపించింది.

నడుముకి తువ్వాలు, చెవి వెనక సబ్బు నురగ. ఐవర్.

"ఏం చేస్తున్నావక్కడ?"

"పెన్సిలు పడిపోయింది."

"చేతిలోనే ఉందిగా."

"దొరికింది."

ఐవర్ వంగి కాగితం కేసి చూశాడు. "అది నా కాలు."

"నీ పేరేమైనా రాసుందా?"

"చిటికెన వేలు పక్కదాని మీదికెక్కి ఉంది. మా అమ్మకీ అంతే. ఆ మిగతా రెండు వేళ్ళెవరివో నాకు తెలీదు. నిజం చెప్పు."

ఒరెస్ట్ నేల మీద కూర్చునే మొత్తం చెప్పాడు. బహుమతి, కొలతలు, అన్నీ. ఐవర్ చెవి వెనక నురగ తుడుచుకున్నాడు.

"ఎప్పట్నించి నడుస్తోందిది?"

"రెండు నెలలు."

"అంటే నడుం నొప్పి అన్నది..."

"అబద్ధం."

"కోతలు?"

"ఆగస్టులోనే అయిపోయాయి."

"ఎవరావిడ?"

"సిమోన్. నది అవతల."

"పేరుతో పిలిచేదాకా వచ్చిందన్నమాట." ఐవర్ తువ్వాలు బిగించుకున్నాడు. "మరి నా సంగతేమిటి? ఒక్కమాట చెబితే నీ నోరు పడిపోయేదా? చీలిన బూటుకి టేపు చుట్టుకుని ఆడుతున్నా, నీ నడుం ఎప్పుడు బాగవుతుందా అని."

"అందుకేగా ఈ కాగితం! నీకూ ఒక జత కుట్టిద్దామని."

"నీ దానం నాకక్కర్లేదు."

"దానమెవడు చేస్తున్నాడు? నువ్వు టేపు చుట్టుకుని ఆడుతుంటే మేం గెలిచినా కుంటివాణ్ణి గెలిచారంటారు."

"గెలిస్తే కదా అనడానికి! అయిదు రెండు."

"రెండోది పక్క నుంచి కాలితో తన్నాడు మీవాడు. అది గోలా?"

గోల్ దగ్గర నిలబడింది నేను గనక ఇద్దరూ నావైపు తిరిగారు. నాకేమీ కనబడలేదన్నాను. ఐవర్ మూలిగి, బల్ల మీద కూర్చుని, ఎడమ కాలు చాపాడు.

"ఆరిపోయిన మరకని గీస్తావేంట్రా, తెలివితక్కువవాడా. ఇదిగో కాలు. కొత్త కాగితం పరుచు."

ఒరెస్ట్ పరిచాడు. గీయసాగాడు.

"మడమ దగ్గర పెన్సిలు వాలుస్తున్నావు. నిటారుగా పట్టుకో. సన్నగా రావాలి. ఈసారి కూడా నీ పెనం కాళ్ళ బూటొస్తే ఊరుకోను."

ఆ గీత చూసి, మనిషే రావాలంది సిమోన్. ఇద్దరూ కలిసి వెళ్ళారు. పక్కపక్కన కుర్చీల్లో, చెప్పుల్లేని నాలుగు కాళ్ళు. ఆవిడ కొలిచి కొలిచి తల ఎత్తింది.

"ఒకరి కోసం ఒకరు ఇన్నేళ్ళు కాళ్ళు పాడుచేసుకున్నారా?"

"వీడి కోసమా?" అన్నాడు ఐవర్. "ఆ కొట్లో అంతకంటే మంచివి ఉండేవి కావు."

ఫిబ్రవరిలో స్కేట్లు తయారయ్యాయి. వాటిని తెచ్చుకునే రోజు నేనే బండి నడిపాను. లోపల తొడుక్కుని చూశారు. ఒరెస్ట్ ఒకసారి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. ఎక్కడా నొక్కకపోవడంతో కాలు ఎక్కడుందో తెలియడం లేదన్నాడు. ఐవర్ మడమ ఎత్తి దించి ఎత్తి చూశాడు. జారలేదు. తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని కుట్లు కూడా పరీక్షించాడు, దొరకలేదు.

బయటికొచ్చి అలవాటు కొద్దీ పెట్టెలు రెండూ బానెట్ మీద పెట్టారు. మూతలు తీశారు. తీశాక ఇద్దరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరి పెట్టెలో వాళ్ళ రెండు బూట్లూ ఉన్నాయి.

"బాగానే కుట్టింది," అన్నాడు ఐవర్.

"అవును."

"సరే మరి."

"సరే."

మూతలు పెట్టేశారు. కాఫీ తాగుదామని ఎవరూ అనలేదు. తిరుగు దారిలో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తర్వాత మూడు వారాల్లో ఒరెస్ట్ ఆట చూసి మేం నోళ్ళు తెరిచాం. పాతికేళ్ళవాడిలా తిరుగుతున్నాడు. ఇంట్లో మాత్రం కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తాడని చెప్పింది స్టెఫా. "ఆ ఐవర్ ఒకసారి వచ్చి తిట్టిపోతే బాగుణ్ణు," అంది.

మార్చి మొదట్లో ఐవర్ ఫోన్ చేశాడు. బూటు నొక్కుతోందట. సిమోన్‌కి చూపించాలట. తన ట్రక్కు చెడిపోయింది గనక ఒరెస్టే తీసుకెళ్ళాలట. ఒరెస్ట్ వెళ్ళేసరికి ఆ ట్రక్కు ఇంజను ఆడుతూ వాకిట్లోనే ఉంది. ఒరెస్ట్ దాని వైపు చూడలేదు. సిమోన్ బూటు తిప్పి తిప్పి చూసి, ఏ లోపమూ లేదని పంపేసింది. రెండు వారాలకి ఒరెస్ట్‌కి నొక్కింది. ఏప్రిల్లో రింకులో మంచు తీసేశారు. అయినా నొప్పులు తగ్గలేదు.

మే నెలలో అయిదోసారి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. సిమోన్ బూట్ల వైపు చూడనైనా లేదు. కాఫీకి నీళ్ళు పెట్టి, బెల్లం పాకంలాంటి తీపి కూరి కాల్చిన పిండివంట ముక్కలు మూడు పళ్ళేల్లో పెట్టి తెచ్చింది. కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది.

"ఈసారి ఐవర్ వంతు కదూ? చెప్పు నాయనా, ఏ కాలు?"

"ఎడమది," అన్నాడు ఒరెస్ట్.

"కుడిది," అన్నాడు అదే క్షణంలో ఐవర్.