తీగ మీద మడిచీర

అమ్మాయ్ రాజ్యం, మీ అత్తగారి ఆయాసం తగ్గిందా? మామగారి కాలినొప్పి ఎలా ఉంది? అల్లుడుగారు, పిల్లలు కులాసానా? బెజవాడలో నా ఒళ్లు బాగానే ఉంది, మనసే బాగాలేదు.

పక్కవాటా సూరమ్మ వదిన ఈ పొద్దున పోయింది. పెరట్లో కరెంటు తీగ మీదే రోజూ మడిచీర ఆరేసేది. నిన్న కూడా చెప్పాను, "తీగ పైగుడ్డ చివికిపోయింది, వద్దు వదినా" అని.

"ఇంట్లో ఎవరి చెయ్యీ తగలని చోటు అదొక్కటే. నీకు ఉరిమినా భయమే, మెరిసినా భయమే!" అని నవ్వింది.

ఇవాళ తడిచీర తీగ మీదికి విసరగానే షాకు కొట్టి కూలిపోయింది. చెంగు ఇంకా చేతిలోనే ఉంది. కోడలు పరుగెత్తుకొచ్చింది గానీ, మడిలో ఉన్న అత్తగారిని ముట్టుకోవడానికి జంకి ఆగింది. ఈలోగా కొడుకు లోపల మెయిను కట్టేశాడు. ఆ మడే అత్తను చంపింది, కోడల్ని బతికించింది. దీన్నేమనాలో నువ్వే రాయి.

పోయినసారి మీ అత్తగారి మడిచీర కూడా తీగ మీదే చూశాను. వియ్యపురాలని నోరు మెదపలేదు. ఈ కార్డు అందగానే మెయిను కట్టించి, ఆ తర్వాతే చీర తీయించు. ఆవిడ కోప్పడినా సరే, దండేనికి వెదురుగడ పట్టుకుని శుక్రవారం పొద్దుటి బండికి వస్తున్నాను.